పెడల్ ఎటు పోయింది: ఒక ఘాట్ రోడ్డు బ్రేకు కేసు

ఖరీదైన డిస్కులు, ఖరీదైన ప్యాడ్లు వేయించుకున్న తర్వాత కూడా ఘాట్ దిగుతుంటే బ్రేకు పోయిన బండి ఇది. బ్రేకులు అప్‌గ్రేడ్ చేయించాలనుకునేవాళ్లకీ, చేసే మెకానిక్‌లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. యజమాని ఎవరు, బండి ఏ కంపెనీది, ముందు పనిచేసిన గ్యారేజీ ఏది అన్నవి రాయడం లేదు. వాటితో ఇక్కడ పని లేదు.

బండి, దారి

ఏడు సీట్ల డీజిల్ బండి, మాన్యువల్ గేర్లు. ముందు వెంటిలేటెడ్ డిస్కులు, వెనక డ్రమ్ములు, చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ ఉంది. చక్రాలు పదిహేను అంగుళాలవి. యజమాని ఉండేది హనుమకొండలో, వ్యాపారం మాత్రం ఆదిలాబాద్ వైపు మండలాల్లో. కరీంనగర్, జగిత్యాల, ఖానాపూర్ మీదుగా నిర్మల్ చేరి, అక్కడి నుంచి పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ ఎక్కి వెళ్తారు. పోయేటప్పుడు ఎక్కుడే కాబట్టి బ్రేకుకు పెద్ద పని ఉండదు. వచ్చేటప్పుడు మనుషులూ సామానూ నిండా ఉంటాయి, పైగా దిగుడు. బండి, లోడు కలిపితే 1900 కిలోల దాకా వస్తుంది. యజమాని పక్క సీట్లో కూర్చుంటారు, నడిపేది డ్రైవర్.

మే నెలలో ఒక సాయంత్రం దిగుతుండగా మలుపు దగ్గర పెడల్ తొక్కితే కాలు కిందిదాకా పోయింది. డ్రైవర్ గబగబా పంపింగ్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు తగ్గించి ఎలాగో పక్కకు ఆపాడు. అరగంట ఆగి టీ తాగి లేచేసరికి పెడల్ మామూలుగానే ఉంది. ఇంటిదాకా ఏ ఇబ్బందీ లేకుండా వచ్చారు.

వరంగల్ వచ్చాక ఒక గ్యారేజీలో చూపిస్తే ప్యాడ్లు కాలిపోయాయన్నారు. రంధ్రాలూ గాళ్లూ ఉన్న డిస్కులు, 'పర్ఫార్మెన్స్' అని రాసి ఉన్న ప్యాడ్లు ఆన్‌లైన్‌లో తెప్పించి వేశారు. ఖర్చు బాగానే అయింది. వర్షాకాలం మొదలయ్యాక మళ్లీ అదే ఘాట్‌లో, దాదాపు అదే చోట, పెడల్ మళ్లీ మెత్తబడింది. దానికి తోడు కొత్త బాధలు వచ్చాయి. తొంభై స్పీడులో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. పొద్దున్నే బండి తీసినప్పుడు మొదటి రెండు మూడు బ్రేకులు సరిగా పట్టడం లేదు. నక్కలగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే కీచుమని అందరూ తిరిగి చూస్తున్నారు.

మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగింది సమస్య ఏమిటని కాదు. "పైసలు ఎన్నైనా కానీ అన్నా, ఇంకా పెద్ద డిస్కులు ఎయ్యి. నాలుగు పిస్టన్ల కాలిపర్లు దొరుకుతయట కదా, అవే ఎయ్యి" అన్నారు. పిల్లలతో ఘాట్ దిగే మనిషి, రెండుసార్లు భయపడ్డారు. ఆయన తొందర నాకు అర్థమైంది. అయినా పార్టు ఆర్డర్ పెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలని ఆపాను.

మెత్తబడిందా, గట్టిపడిందా

వేడెక్కి బ్రేకు పోవడం రెండు రకాలు. వాటిని విడదీయడానికి ఏ మెషీనూ అక్కర్లేదు, నడిపినవాడి కాలును అడిగితే చాలు.

ఒకటి, పెడల్ గట్టిగానే, పైనే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఇది ప్యాడ్ తాలూకు సంగతి. ప్యాడ్‌లోని పదార్థాలను పట్టి ఉంచే రెజిన్ ఓ హద్దు దాటి వేడెక్కితే చెడిపోతుంది, రాపిడి తగ్గుతుంది. రెండోది, పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. ఇది బ్రేక్ ఆయిల్ తాలూకు సంగతి. పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం కాలిపర్. కాలిపర్‌లోని ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను నొక్కితే నలగదు కాబట్టే కాలి బలం పిస్టన్ దాకా చేరుతుంది. ఆవిరి నలుగుతుంది. తొక్కిన తొక్కుడంతా బుడగలను నలపడానికే సరిపోతుంది. చల్లబడ్డాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగి వస్తుంది. కాబట్టి ఘాట్ కిందికి దిగాక ఏ మెకానిక్ చూసినా తప్పేమీ కనిపించదు.

ఈ బండిలో రెండుసార్లూ కాలు కిందికే పోయింది, టీ తాగి లేచేసరికి రెండుసార్లూ సర్దుకుంది. అంటే మొదటి రోజే అనుమానం ఆయిల్ మీదికి పోవాలి. మార్చింది ప్యాడ్లు, డిస్కులు. 'బ్రేకు పట్టలేదు' అన్న మాట ఒక్కటే విని పని మొదలుపెడితే జరిగేది ఇదే.

విప్పి చూస్తే

రిజర్వాయర్‌లో ఆయిల్ తేటగా ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. బ్రేక్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా తిరుగుతూ ఉండదు. పైన పోసింది పైనే ఉంటుంది, కాలిపర్‌లో ఉన్నది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కాలేదీ అదే. ముందు కుడి కాలిపర్ నుంచి ఆయిల్ తీసే బ్లీడ్ నిపుల్‌కు పైపు తగిలించి తీస్తే నల్లటి గోధుమ రంగు ఆయిల్ వచ్చింది, అడుగున సన్నటి మడ్డి కూడా ఉంది. సర్వీసు బిల్లుల్లో ఎక్కడా ఆయిల్ మార్చిన దాఖలా లేదు, లెవెల్ పోసినట్టు మాత్రం ఉంది.

బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ జాతివి, తేమను పీల్చుకుంటాయి. సీసా కొత్తగా తెరిచినప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీళ్లు చేరాక పెట్టిన కనీస హద్దులు 140, 155, 180. ఇన్నేళ్లు మార్చని ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు ఎక్కడ మరుగుతుందో ఈ అంకెలే చెప్తున్నాయి. మా దగ్గర పెన్నులాంటి తేమ టెస్టర్ ఉంది, ఎర్ర లైటు వెలిగింది. ఆ పెన్నును నేను పూర్తిగా నమ్మను. అది కరెంటు పారడాన్ని బట్టి అంచనా చెప్తుంది, ఆయిల్ రకాన్ని బట్టి తేడా వస్తుంది. ఈ బండికి రంగూ, మడ్డీ, బిల్లులూ చాలు.

కాలిపర్లు విప్పాం. ఎడమ వైపు లోపలి ప్యాడ్ బయటి ప్యాడ్ కంటే బాగా అరిగి ఉంది. ఈ కాలిపర్‌కు పిస్టన్ ఒక వైపే ఉంటుంది. లోపలి ప్యాడ్‌ను పిస్టన్ తోస్తే, కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్ను పట్టేస్తే లోపలిదొక్కటే రుద్దుతుంది, వదలడమూ సరిగా ఉండదు. పిన్ను లాగి చూస్తే మామూలు ఛాసిస్ గ్రీజు పూసి ఉంది. పెట్రోలియం గ్రీజుకు ఆ రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. ఇక్కడ సిలికాన్ గ్రీజు లాంటి, రబ్బరును చెడగొట్టని బ్రేకు గ్రీజే పూయాలి.

వెనక డ్రమ్ములు విప్పితే ఇంకో కథ. డ్రమ్ముకు రుద్దుకునే లైనర్ల ముఖం నిగనిగలాడుతోంది, అడ్జస్టర్ చక్రాలు రెండు వైపులా తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. లైనర్ అరిగే కొద్దీ తనంతట తాను ముందుకు జరగాల్సిన అడ్జస్టర్ కదలడం మానేసింది. అంటే వెనక బ్రేకులు తమ వాటా పని చేయడం లేదు, ఆ భారమూ ముందు డిస్కుల మీదే పడుతోంది. పెడల్ ఎప్పుడూ కాస్త లోతుకు పోతోందన్న పాత ఫిర్యాదుకు కారణం కూడా ఇదే. ముందు గ్యారేజీలో వెనక చక్రాలు విప్పిన గుర్తు లేదు. చాలా చోట్ల అంతే. బ్రేకు అంటే ముందు రెండు చక్రాలే అనుకుంటారు.

వణుకు సంగతికి డయల్ గేజ్ పెట్టాం. డిస్కు తిప్పితే ముల్లు 0.11 మిల్లీమీటర్ల దాకా ఊగింది. సాధారణంగా 0.05 దాటితే నేను ఒప్పుకోను. డిస్కు తీసి చూస్తే, డిస్కూ చక్రమూ బిగించే హబ్ ముఖం మీద తుప్పు పొర, దాని మీదే కొత్త డిస్కు కూర్చోబెట్టారు. చక్రాల నట్లు గాలి గన్‌తో ఇష్టమొచ్చినంత బిగించారు. డిస్కు వంకర పోయిందని అందరూ అంటారు కానీ రోడ్డు బండిలో నిజంగా వేడికి వంగిన డిస్కు అరుదు. సూటిగా కూర్చోని డిస్కు ప్రతి చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌కు ఒరుసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు అలా ఒరుసుకుని మందంలో తేడా వస్తుంది, అప్పుడు వణుకు మొదలవుతుంది. వేసిన రోజు బాగానే ఉండి నెలల తర్వాత వణకడం ఇందుకే.

హబ్ శుభ్రం చేసి, ఆ డిస్కులనే లేత్ మీద సన్నగా చెక్కి వాడదామా అని ఆలోచించాను, ఖరీదైనవి కదా. కడిగి టార్చి వెలుతురులో పక్కవాటంగా చూస్తే రంధ్రాల అంచుల నుంచి వెంట్రుక వాసి చీలికలు బయల్దేరి ఉన్నాయి. చీలికల్లోకి ఇంకే ఎర్ర డై కొట్టి తుడిచి, దాన్ని పైకి లాగే డెవలపర్ చల్లితే రెండు మూడు రంధ్రాల దగ్గర గీత స్పష్టంగా తేలింది. ఒకచోట గీత పక్క రంధ్రం వైపు సగం దాకా పోయింది. అక్కడితో ఆ డిస్కుల సంగతి ముగిసింది. చీలిన డిస్కును చెక్కి మళ్లీ బండికి వేయడం నా చేతులతో జరగదు.

రంధ్రాలు ఎందుకు పెట్టారంటే, ఒకప్పుడు ప్యాడ్లు కాలితే వాయువులు వెలువడి ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరేవి, అవి బయటికి పోవడానికి. ఇప్పటి ప్యాడ్లతో రోడ్డు మీద ఆ ఇబ్బంది దాదాపు లేదు. వానలో నీళ్ల పొర తొందరగా తొలగుతుందన్న లాభం కొంత ఉంది. కానీ ప్రతి రంధ్రం దగ్గరా వేడికి ఒత్తిడి పోగుపడుతుంది, చీలిక అక్కడే పుడుతుంది. పైగా ఈ డిస్కును తూచి చూస్తే కంపెనీ డిస్కు కంటే అర కిలోకు పైగా తక్కువ తూగింది. పల్చటి పెనం తొందరగా కాలినట్టు తేలిక డిస్కు అదే వేడికి ఎక్కువ డిగ్రీలు ఎక్కుతుంది. ఘాట్‌లో వేడి తట్టుకోవడానికని కొన్న వస్తువు వేడిని తక్కువ దాచుకునేది అయింది.

పెద్ద కాలిపర్లు ఎందుకు వద్దన్నాను

యజమానికి దీన్ని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ధర్మసాగర్ రోడ్డు మీద ఖాళీ చోట, పొడి తారు మీద, అరవై స్పీడులో ఆయన్నే బలంగా బ్రేకు తొక్కమన్నాను. ఏబీఎస్ టకటకమని కొట్టింది. "సార్, ఇప్పుడు టైరు జారబోయింది, బ్రేకు దాన్ని జారనియ్యలే. మీ బ్రేకుకు బలం తక్కువ లేదు. ఇంతకన్నా పెద్దది ఏసినా టైరు పట్టు ఇంతే" అన్నాను. చల్లగా ఉన్నప్పుడు ఏబీఎస్ దాకా తీసుకుపోగల బ్రేకుకు ఇంకా బలం చేర్చితే ఆగే దూరం తగ్గదు. దూరం తగ్గాలంటే ముందు చూడాల్సింది టైర్లు. ఆయన టైర్లు బాగానే ఉన్నాయి.

మరి లోపం ఎక్కడ? వేడిలో. అది లెక్క వేసి చూపించాను. 1900 కిలోల బండి నిటారుగా వంద మీటర్లు కిందికి దిగితే వెలువడే శక్తి దాదాపు 18.6 లక్షల జౌళ్లు. అదే బండిని వంద స్పీడు నుంచి పూర్తిగా ఆపితే దాదాపు 7.3 లక్షలు. అంటే వంద మీటర్ల దిగుడు రెండున్నర పెద్ద బ్రేకులతో సమానం. అందులో డెబ్బై శాతం ముందు డిస్కులే తీసుకున్నాయనుకుంటే 13 లక్షలు. డిస్కు ఒకటి ఏడు కిలోలు అనుకోండి. కిలో పోత ఇనుము ఒక డిగ్రీ ఎక్కడానికి సుమారు 500 జౌళ్లు కావాలి. రెండు డిస్కులూ కలిసి దాదాపు 185 డిగ్రీలు ఎక్కుతాయి, గాలికి చల్లారడం లెక్కలోకి తీసుకోకపోతే. మే నెల ఎండలో రోడ్డు మీద గాలే వేడిగా ఉంటుంది.

పెద్ద డిస్కు బరువైనది కాబట్టి ఈ లెక్కలో కొంత మేలు చేస్తుంది, నిజమే. కానీ పదిహేను అంగుళాల చక్రంలో ఆ కాలిపర్ పట్టదు, చక్రాలూ టైర్లూ మారాలి. పిస్టన్లు పెద్దవైతే వాటిని తోయడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఇంకా లోతుకు పోతుంది. ముందు బలం పెరిగి వెనక అంతే ఉంటే రెండింటి మధ్య తూకం చెడుతుంది. ఆ తూకం మీదే ఏబీఎస్ లెక్కలు ఉంటాయి. రేస్ ట్రాక్ మీద తిప్పేవాళ్లకు ఈ కష్టమంతా పడటానికి కారణం ఉంటుంది. వారానికోసారి ఘాట్ దిగే ఫ్యామిలీ బండికి, అందులోనూ వెనక బ్రేకులు పనిచేయని బండికి, ముందు ఉన్నవాటిని సరిగా పనిచేయించాలి.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఇదే మోడల్ బండ్లు అదే ఘాట్‌లో రోజూ దిగుతున్నాయి. అన్నీ ఇట్లా మెత్తబడటం లేదు. ఈ బండిలోనే ఇంత వేడి ఎందుకు?

డ్రైవర్ చెప్పిన మాట

ఆ రోజు యజమాని లోపల ఫోన్లో ఉండగా డ్రైవర్‌తో బయట టీ తాగుతూ అడిగాను, "తమ్మీ, దిగేటప్పుడు ఏ గేర్ల ఉంటవ్?"

కాసేపు గ్లాసు చూసుకుంటూ నిలబడ్డాడు. "న్యూట్రల్ చేస్త అన్నా. సారు ట్యాంకు ట్యాంకుకు లెక్క రాస్తడు. ఆవరేజ్ తక్కువస్తే అడుగుతడు. దిగుట్ల కొంచెం మిగుల్తదని..."

మిగతాదంతా అక్కడ తేలిపోయింది. గేరులో ఉంటే బండిని కొంత ఇంజన్ పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దిగితే ఆ 18.6 లక్షల జౌళ్లలో గాలీ టైర్లూ తీసుకునే కాస్త తప్ప మిగతాదంతా బ్రేకుల మీద పడుతుంది. తొక్కి పట్టుకునే దిగుతాడు కాబట్టి చల్లారే వ్యవధి కూడా ఉండదు. పాత ఆయిల్, పట్టేసిన పిన్ను, పనిచేయని డ్రమ్ములు, వీటన్నిటి మీదా న్యూట్రల్.

ఇది యజమానికి చెప్పాలి. కానీ డ్రైవర్ మీదికి పోకుండా చెప్పాలి, ఆ కుర్రాడు నమ్మి చెప్పిన మాట అది. నేను డీజిల్ లెక్కతోనే మొదలుపెట్టాను. ఇప్పటి ఇంజక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి కంప్యూటర్ డీజిల్ పంపడం ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఐడ్లింగ్‌లో నడవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. దిగుడులో న్యూట్రల్ వేస్తే మిగిలేది లేదు, పోయేదే. స్కానర్ పెట్టి, బండిని గేరులో వదిలినప్పుడూ న్యూట్రల్‌లో వదిలినప్పుడూ ఇంజక్షన్ లెక్క స్క్రీన్ మీద చూపించాను. గేరులో సున్నా పడింది. ఆయన చాలాసేపు చూసి, "అయితే ఇన్ని రోజులు నేనే ఆ పిలగాన్ని తొందరపెట్టిన్నా?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. డ్రైవర్‌ను పిలిచి ఆయనే మాట్లాడుకున్నారు.

దశలవారీగా మార్చాం

అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి బాగవుతుంది, ఏది పనిచేసిందో మాత్రం తెలియదు. యజమాని ఒప్పుకోవడంతో దశలవారీగా పోయాం. చీలిన డిస్కులు మాత్రం ఆ రోజే తీసేశాం, వాటితో ప్రయోగం లేదు. ఆ బండికి కంపెనీ ఇచ్చే రంధ్రాలు లేని వెంటిలేటెడ్ డిస్కులు తెప్పించాం. హబ్ ముఖం వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా శుభ్రం చేసి, డిస్కు కూర్చోబెట్టి గేజ్ పెడితే ఊగుడు 0.03కు దిగింది. నట్లు టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా బిగించాం. పిన్నులకు కొత్త బూట్లు, సిలికాన్ గ్రీజు. డ్రమ్ముల అడ్జస్టర్లు విప్పి తుప్పు వదిలించి, లైనర్ల మెరుపు పోయేలా రుద్ది సర్దాం. ఆయిల్ మొత్తం తీసేసి డాట్ 4 కొత్తది పోసి నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీశాం. డాట్ 5.1 పోయొచ్చు కదా అని ఆయన అడిగారు. పోయొచ్చు, కలుస్తుంది కూడా. అయితే ఈ బండికి మూత మీద రాసింది డాట్ 4. రెండేళ్లకోసారి తప్పకుండా మారిస్తే అది చాలు, మార్చకపోతే ఖరీదైనదీ ఇదే గతి పడుతుంది. డాట్ 5 అన్నది వేరు, అది సిలికాన్, వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉందని కొందరు పొరపడతారు.

ప్యాడ్ల దగ్గర ఆయన వెనక్కి తగ్గలేదు. "అవి సగం కూడా అరగలే, మస్తు పైసలు పెట్టిన" అన్నారు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. పాత ప్యాడ్లను కొత్త డిస్కులతో వాడటం నాకు ఇష్టం లేకపోయినా, తేడా ఆయన కాలికే తెలియడం మేలని, ముఖాలు సమంగా రుద్ది వేసి ఊళ్లో తిప్పమన్నాం. వణుకు పోయింది, పెడల్ పైకి వచ్చింది. కానీ పొద్దున్నే మొదటి బ్రేకులు అట్లాగే జారుతున్నాయి, కీచుడు తగ్గలేదు. ఘాట్‌లో నేనూ వెంట వెళ్లాను, దిగింది పాత పద్ధతిలోనే. ఈసారి పెడల్ మెత్తబడలేదు, ఆయిల్ సంగతి తీరిందని తేలింది. కానీ కింది మలుపుల దగ్గరికి వచ్చేసరికి బలంగా తొక్కాల్సి వస్తోంది, కాలిన వాసన. ఇప్పుడు గట్టి పెడల్. ఇన్నాళ్లూ ఆయిల్ ముందే మరిగిపోవడంతో ప్యాడ్ లోపం బయటపడలేదు.

ప్యాడ్ వెనక రేకు చూస్తే ఏ కోడూ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. పెట్టె మీద మాత్రం పెద్ద పేరు. మంచి ప్యాడ్ మీద అంచున అచ్చు ఉంటుంది. చివర ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండు అక్షరాలు ఉంటే మొదటిది మామూలు వేడిలో రాపిడికి, రెండోది బాగా వేడెక్కాక రాపిడికి. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండు అక్షరాలూ ఒకటే అయితే వేడెక్కినా పట్టు పెద్దగా మారదని అర్థం. అక్షరం పెద్దదైతే ప్యాడ్ గొప్పదని కాదు. అరుగుదల, దుమ్ము, శబ్దం గురించి ఆ అక్షరాలు ఏమీ చెప్పవు. యూరప్ ఆర్90 నిబంధన పాటించిన ప్యాడ్ అయితే అసలు ప్యాడ్‌తో పోలిస్తే పనితీరు 15 శాతానికి మించి తేడా ఉండకూడదు. రోడ్డు బండికి నేను ముందు చూసేది అదే.

నిజమైన ట్రాక్ ప్యాడ్ అయినా ఈ బండికి నప్పదు. అది బాగా వేడెక్కాక గాని పట్టుకోదు. పొద్దున్నే స్కూలు పిల్లలు అడ్డం వచ్చే హనుమకొండ వీధుల్లో చల్లటి ప్యాడ్ పట్టాలి. అదే ప్యాడ్ సాయంత్రం ఘాట్‌లో వేడి తట్టుకోవాలి. ఈ రెండూ కావాలంటే మధ్యరకం ఎంచుకోవాలి. సిరామిక్ ప్యాడ్ దుమ్ము తక్కువ, నిశ్శబ్దం. ఊళ్లోనే తిరిగే బండికి సంతోషంగా వేస్తాను. ఘాట్, లోడు ఉన్నచోట లో మెటాలిక్ వైపు మొగ్గుతాను. లోహపు పీచు వేడిని ప్యాడ్ ముఖం నుంచి లాగేస్తుంది. చక్రాల మీద నల్లటి దుమ్ము ఎక్కువ, కొంచెం శబ్దం కూడా ఉండొచ్చు, ముందే చెప్పేస్తాను. ఈ బండికి అసలు ప్యాడ్లు సరఫరా చేసే తయారీదారుదే, ఎఫ్ఎఫ్ అచ్చున్న లో మెటాలిక్ రకం, బిల్లుతో సహా డీలర్ దగ్గర తీసుకున్నాం. ధర ఆన్‌లైన్ ప్యాడ్లలో సగం కూడా లేదు.

రుబ్బించడం

కొత్త ప్యాడ్లు వేసి తాళం చేతికివ్వడం సగం పని. ప్యాడ్ పదార్థం సన్నటి పొరగా డిస్కు మీద సమంగా పరుచుకుంటేనే అసలు పట్టు వస్తుంది. తెల్లవారకముందే ధర్మసాగర్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. అరవై నుంచి పదిహేనుకు, మధ్యస్థంగా తొక్కుతూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో అరకిలోమీటరు చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు. తర్వాత ఎనభై నుంచి మూడు నాలుగు. అప్పటికి కాస్త వాసన వస్తుంది, అది సహజం. ఆ తర్వాత బ్రేకు ముట్టుకోకుండా పది నిమిషాలు నడపాలి. వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ నొక్కి పట్టుకుంటే ప్యాడ్ ఉన్నచోట డిస్కు మీద మచ్చ పడుతుంది, వణుకు మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. డ్రైవర్‌తోనే చేయించాను. రెండో దఫాకే అతని కాలికి తేడా తెలిసింది, "ఇప్పుడు తొక్కినంత పడుతుంది అన్నా" అన్నాడు. డిస్కు చుట్టూ ఒకే రకంగా లేత బూడిద నీలం రంగు వచ్చింది, మచ్చలు లేవు.

ఘాట్‌కు మళ్లీ వెళ్లాం, అదే లోడు. పైన బోర్డు దగ్గరే మూడో గేరు, ఇరుకు మలుపులకు రెండు. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, కాస్త బలంగా తొక్కి పూర్తిగా వదలడం. కిందికి దిగగానే డిస్కు బయటి అంచు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. మెరిసే ముఖం మీద పెడితే అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ప్రతిసారీ తుప్పు రంగు అంచు మీదే, ఒకే చోట పెట్టి పోల్చాలి. పాత ప్యాడ్లతో, పాత పద్ధతిలో దిగినప్పుడు చూపినదానికి ఇది దాదాపు సగం. పెడల్ పైన ఎట్లా ఉందో కిందా అట్లాగే ఉంది. యజమాని దిగి చక్రం దగ్గర వంగి వాసన చూశారు. ఏమీ రాలేదు.

మా జాబ్ కార్డులో మారింది

బ్రేకు ఫిర్యాదుతో వచ్చే ప్రతి బండికి ఇప్పుడు కార్డులో మూడు గళ్లు ఉన్నాయి: పెడల్ మెత్తగా పోయిందా గట్టిగా నిలిచిందా, చల్లారాక సర్దుకుందా, దిగేటప్పుడు ఏ గేరు. మూడోది నడిపినవాణ్ని ఒంటరిగా అడగమని మా కుర్రాళ్లకు చెప్పాను. ఓనర్ ముందు నిజమైన జవాబు రాదు. అప్‌గ్రేడ్ అడిగినవాళ్లకు నా వరుస ఇది: ముందు కాలిపర్లోని ఆయిల్, తర్వాత పిన్నులూ డ్రమ్ములూ, తర్వాత టైర్లు, ఆ తర్వాతే ప్యాడ్ రకం. ఇవన్నీ సరిగా ఉండి కూడా వేడి తట్టుకోవడం లేదంటేనే డిస్కు మాట. చాలా బండ్లు ప్యాడ్ దాకా కూడా రాకుండానే బాగుపడతాయి.

చలికాలంలో ఈ బండి సర్వీసుకు వచ్చింది. ముందు ప్యాడ్లు లోపలా బయటా సమంగా అరిగాయి, గేజ్ మీద డిస్కు ఊగుడు పెరగలేదు. వెనక లైనర్లు మాత్రం కాస్త ఎక్కువే అరిగి కనిపించాయి. ఇన్నేళ్లకు అవి పని మొదలుపెట్టాయి మరి. రెండు వైపులా ఎండాకాలం లోపే మారుద్దామని కార్డులో రాసి, దాని కిందే ఆయిల్ మార్చాల్సిన తేదీ కూడా వేశాను.